అమ్మకి రక్తం ఎక్కిస్తున్నారా? బ్యాగ్ మీద పేరు మీరూ చదవండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. అమ్మకి 47 ఏళ్లు. గర్భసంచిలో గడ్డలున్నాయి, నెలనెలా రక్తం బాగా పోతోంది. హిమోగ్లోబిన్ 6.4 ఉంది. ఆపరేషన్ చేయాలి, ముందు రెండు బాటిళ్ల రక్తం ఎక్కించాలి అన్నారు. అమ్మదీ నాదీ బి పాజిటివే. బయటివాళ్ల రక్తం ఎందుకు, కొడుకు రక్తమే మంచిదని మా మేనమామ అంటున్నాడు. నేను పుట్టినప్పుడు రక్తం ఎక్కిస్తే అమ్మకి చలీ వణుకూ వచ్చాయట. అందుకే ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మీ రక్తం అమ్మగారికి ఎక్కించవద్దు. మీ మేనమామగారు ప్రేమ కొద్దీ అన్నారు, మన కోనసీమలో చాలామంది అలాగే అనుకుంటారు. కానీ దగ్గరి బంధువుల రక్తంలోని తెల్లకణాలను రోగి శరీరం ఒక్కోసారి పరాయివని గుర్తుపట్టదు. అవి లోపలే నిలదొక్కుకుని రోగి మీదే దాడి చేస్తాయి. ఇది చాలా అరుదు, కానీ వస్తే బతకడం కష్టం. పైగా మీరు కడుపులో ఉన్నప్పుడు, మీకు నాన్నగారి నుంచి వచ్చిన లక్షణాల మీద అమ్మగారి ఒంట్లో యాంటీబాడీలు (పరాయి కణాల మీద దాడి చేసే పదార్థాలు) తయారై ఉండొచ్చు. మీరు ఇవ్వాలనుకున్న రక్తం బ్లడ్ బ్యాంకుకి ఇవ్వండి, ఇంకొకరికి పనికొస్తుంది. అమ్మగారికి బ్యాంకులో ఉన్న నిల్వ నుంచి తీసుకోండి.

బయటివాళ్ల రక్తంతో జబ్బులొస్తాయన్న భయం సహజమే. దాత ఎవరైనా ప్రతి బ్యాగ్‌కీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరిగా చేస్తారు. దాతకి ఇన్ఫెక్షన్ సోకిన తొలి రోజుల్లో పరీక్షకు దొరకని అవకాశం కొద్దిగా ఉంటుంది కాబట్టి ప్రమాదం బొత్తిగా లేదని చెప్పను. అందుకే స్వచ్ఛందంగా ఇచ్చినవాళ్ల రక్తమే మేలు. ‘డబ్బిస్తే దాతను తెస్తాం’ అనేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం 1998 జనవరి 1 నుంచి మన దేశంలో డబ్బు తీసుకుని రక్తమివ్వడం నిషేధం. బ్యాంకు తీసుకునేది పరీక్షలకీ నిల్వకీ అయ్యే రుసుము మాత్రమే.

నాకు వీటన్నిటికన్నా ఎక్కువ భయం పేర్ల దగ్గర. ఒకరికి ఎక్కాల్సిన రక్తం ఇంకొకరికి ఎక్కి, గ్రూపు కలవకపోతే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటివి ఎక్కువగా జరిగేది ల్యాబ్‌లో పరీక్ష తప్పి కాదు. శాంపిల్ ట్యూబు మీద వేరే పేరు రాయడం, మంచం దగ్గర వేరే బ్యాగ్ తగిలించడం వల్ల. మన వైపు ఒకే వార్డులో ఇద్దరు సత్యవతులు, ముగ్గురు వెంకటలక్ష్ములు ఉండటం మామూలే, ఒక్కోసారి ఇంటిపేరూ ఒకటే. ఇంట్లో పిలిచే పేరొకటి, ఆధార్‌లో ఇంకొకటి. నీరసంగా పడుకున్న మనిషిని ‘సత్యవతేనా?’ అని అడిగితే ‘ఆఁ’ అనేస్తుంది. పేరు రోగి నోటితోనే చెప్పించాలి.

కాబట్టి చేరేటప్పుడే ఆధార్‌లో ఉన్న పేరు రాయించండి. క్రాస్ మ్యాచింగ్‌కి (దాత రక్తం అమ్మగారికి సరిపడుతుందో లేదో చూసే పరీక్షకి) శాంపిల్ తీసిన వెంటనే, అక్కడే మంచం దగ్గరే, ట్యూబు మీద పేరు, ఐపీ నంబరు (ఆస్పత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) రాస్తున్నారో లేదో చూడండి. బ్యాగ్ తగిలించే ముందు ఇద్దరు సిబ్బంది కలిసి పేరు, ఐపీ నంబరు, గ్రూపు, బ్యాగ్ నంబరు, గడువు తేదీ సరిచూడాలి. ‘సిస్టర్ గారూ, ఒక్కసారి పైకి చదవండి, నేనూ వింటాను’ అని అడగండి. మొహమాటపడకండి. అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకోవడం ఇక్కడ పనికిరాదు.

రక్తం మీ చేతే తెప్పిస్తే ఇంకో జాగ్రత్త. ఎర్రకణాల బ్యాగ్ బ్యాంకులో 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంటుంది. అమలాపురం నుంచో రాజమండ్రి నుంచో బైకు హ్యాండిల్‌కి తగిలించుకుని ఎండలో తేకూడదు. బ్యాంకువాళ్లను అడిగి ఐస్ బాక్స్‌లో తీసుకురండి. ఐస్ గడ్డలు బ్యాగ్‌కి నేరుగా తగిలితే కణాలు పగిలిపోతాయి. చల్లగా ఉందని వేడినీళ్లలో పెట్టకూడదు, మామూలు ఫ్రిజ్‌లో దాచకూడదు. రెండు బ్యాగ్‌లూ ఒకేసారి తేవొద్దు. బాక్స్‌లోంచి తీసిన 30 నిమిషాల్లో మొదలుపెట్టాలి, మొదలుపెట్టిన 4 గంటల్లో పూర్తవ్వాలి. అదే గొట్టంలో నార్మల్ సెలైన్ తప్ప ఏ మందూ కలపకూడదు.

మొదటి 15 నిమిషాలు మెల్లగా ఎక్కిస్తారు. అప్పుడు అమ్మగారి పక్కనే ఉండండి. చలి, వణుకు, జ్వరం, దద్దుర్లు, నడుము నొప్పి, ఆయాసం, సూది దగ్గర మంట, మూత్రం ఎర్రగా రావడం లాంటివి ఏవి కనిపించినా, ఇవేవీ లేకపోయినా ‘నాకేదో అయిపోతోందిరా’ అని ఆవిడ అన్నా సరే, వెంటనే నర్సును పిలవండి. రక్తం ఆపాలి. ఆ బ్యాగ్ పారేయకూడదు, పరీక్షకు బ్యాంకుకే తిరిగి వెళ్లాలి. అత్యవసరం కాకపోతే పగలే ఎక్కించమని అడగండి, పగటిపూట వార్డులో చూసేవాళ్లు ఎక్కువమంది ఉంటారు.

పాత వణుకు సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. అది చాలావరకు దాత తెల్లకణాల వల్ల వచ్చేదే, వాటిని వడకట్టిన రక్తం ఇస్తే తగ్గుతుంది. కాన్పులైనవాళ్లలో, ముందు రక్తం ఎక్కినవాళ్లలో యాంటీబాడీలు ఉండొచ్చు కాబట్టి యాంటీబాడీ స్క్రీనింగ్ చేయగలరేమో అడగండి.

6.4 అంటే రక్తం అవసరమయ్యే స్థాయే. అయితే రెండూ కావాల్సిందేనా అన్నది వేరే ప్రశ్న. ఒక యూనిట్‌తో హిమోగ్లోబిన్ సుమారు 1 గ్రాము పెరుగుతుంది, అది ఎక్కించాక మళ్లీ చూసి రెండోది నిర్ణయించవచ్చు. ఆపరేషన్ కొన్ని వారాలు ఆగగలిగితే, రక్తస్రావం తగ్గించే మందులతో పాటు ఐరన్ ఇంజెక్షన్ నరానికి ఇస్తే సరిపోతుందేమో మీ గైనకాలజిస్టును అడగండి. బీట్‌రూట్, దానిమ్మ రసాలు తాగితే మంచిదే గానీ ఈ స్థాయిలో వాటిని నమ్ముకుని కూర్చోకూడదు.

ఇంటికొచ్చాక రెండు వారాల లోపు కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, మళ్లీ నీరసం పెరిగినా ఆస్పత్రికి తీసుకెళ్లండి. రక్తం ఎక్కిన తేదీ, గ్రూపు, ఏదైనా రియాక్షన్ వస్తే ఆ వివరం డిశ్చార్జ్ కాగితంలో రాయించుకుని ఆధార్ కార్డుతో పాటు దాచండి.