ఆగిపోయిన టికెట్ల గురించి

చిట్టీ,

కొత్త సాఫ్ట్‌వేర్ టీమ్‌కి స్క్రమ్ మాస్టర్‌వి, అంటే పని సాఫీగా సాగేలా చూసే మనిషివి అయ్యావని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషం. పనుల బోర్డులో సగం టికెట్లు (ఒక్కో పనికి ఒక్కో కార్డు) బ్లాక్ అయి కూర్చున్నాయని దిగులు పడుతున్నావని కూడా చెప్పాడు. వాటిలో నిజంగా ఆగినవెన్నో ముందు తేల్చుకో. "బ్లాక్డ్" అన్న మాట వెనక చాలాసార్లు "కోడ్ అర్థం కావట్లేదు, అడగాలంటే మొహమాటం" అన్నది దాక్కుని ఉంటుంది. పక్కన తెలిసినవాళ్లని కూర్చోబెడితే అది పూటలో తేలిపోతుంది. బయటివాళ్లు ఏదో ఒకటి ఇస్తే తప్ప కదలనిదాన్నే బ్లాకర్ అనాలి.

అలాంటిదాని మీద ఏం రాస్తారన్నదే సగం పని. "క్లయింట్ నుంచి యాక్సెస్ రావాలి" అని రాస్తే అది రెండు వారాలైనా అలాగే పడుంటుంది. ఇలా రాయించు: "పేమెంట్ గేట్‌వే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌కి కీ కావాలి. ఇవ్వాల్సింది వాళ్ల సెక్యూరిటీ టీమ్. మంగళవారం మెయిల్ పెట్టాం. గురువారం లోపు రాకపోతే రిఫండ్ స్టోరీ (రిఫండ్ ఫీచర్ పని) ఈ స్ప్రింట్‌లో (ఈ విడత పనిలో) అవదు." ఆ చివరి వాక్యం ఉంటేనే అవతలివాళ్లు కదులుతారు. మన వైపు ఫాలోఅప్ చేసే మనిషి పేరు కూడా ఒక్కటే ఉండాలి. "టీమ్ చూస్తోంది" అన్నారంటే ఎవరూ చూడట్లేదన్నమాటే.

బోర్డులో బ్లాక్డ్ అని వేరే కాలమ్ మాత్రం పెట్టకు. అటు తోసేశాక దాని మొహం ఎవరూ చూడరు, డెవలప్‌మెంట్‌లో ఆగిందో టెస్టింగ్‌లో ఆగిందో కూడా తెలీదు. ఉన్నచోటే ఫ్లాగ్ పెట్టించు. జిరాలో, అంటే బోర్డు నడిచే సాఫ్ట్‌వేర్‌లో, కార్డు పసుపు రంగుకి మారి, రోజూ స్టాండప్‌లో, అంటే టీమ్ అంతా కలిసే చిన్న మీటింగ్‌లో, అందరి కళ్లలో పడుతూనే ఉంటుంది.

మీ క్లయింట్ న్యూయార్క్‌లో కదా. వాళ్ల ఉదయం తొమ్మిదంటే ఎండాకాలంలో మనకు సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. శుక్రవారం అరకొరగా ఒక ప్రశ్న పంపారనుకో, "ఏ అకౌంట్‌కి?" అని వాళ్లు మన అర్ధరాత్రి అడుగుతారు. మనవాళ్లు దాన్ని సోమవారం పొద్దున చూస్తారు. మన జవాబు వాళ్లు చూసేసరికి సోమవారం సాయంత్రం. అకౌంట్ నంబరు ఒక్కటి రాయనందుకు మూడు రోజులు గోవిందా! వాళ్లు ఏమడగొచ్చో ముందే ఊహించి మొదటి మెయిల్‌లోనే పెట్టమను.

ఇక నీకు గట్టిగా చెప్పేదొకటుంది. ఒకటి ఆగింది కదా అని డెవలపర్‌ని వెంటనే కొత్త స్టోరీ ఎత్తుకోనివ్వకు. ఎవరూ ఖాళీగా కనిపించకూడదని మేనేజర్లకి ఉంటుందిలే. కానీ ఆగినవన్నీ ఒక్కసారి కదిలిన రోజున ఆ పిల్లాడి చేతిలో మూడు సగం పనులుంటాయి, ఏదీ స్ప్రింట్ చివర పని చూపించే రివ్యూకి అందదు. ఫ్లాగ్ ఉన్న కార్డుల్ని కూడా చేతిలో ఉన్న పనుల లెక్కలోనే వెయ్యి. అసలు జవాబుకి బదులు ఉత్తుత్తిది, అంటే మాక్ రెస్పాన్స్, పెట్టుకుని ఆ స్టోరీలోనే కొంత ముందుకెళ్లగలడేమో అడుగు. లేదంటే టెస్టింగ్‌లో పేరుకున్నవాటికి చెయ్యి వెయ్యమను. టొయోటా ఫ్యాక్టరీలో వర్కర్ తాడు లాగితే టీమ్ లీడర్ వచ్చి నిలబడతాడు, సమయానికి తేలకపోతే లైనే ఆగుతుంది. కార్ల లైను ఆపగలిగినవాళ్లు ఉన్నప్పుడు మనం ఒక స్టోరీ దగ్గర ఆగి చూడలేమా?

స్టాండప్ 15 నిమిషాలే, అక్కడ పంచాయితీ పెట్టకు. అయ్యాక సంబంధించిన ఇద్దర్నే ఉండమను. అడ్డంకి తొలగేలా చూడటం నీ బాధ్యతని స్క్రమ్ పద్ధతికి మూలమైన స్క్రమ్ గైడ్ అంటుంది, అంతమాత్రాన ప్రతి మెయిలూ నువ్వే రాయక్కర్లేదు.

ఎస్కలేట్ చేయాల్సి వస్తే, అంటే పైవాళ్ల దాకా తీసుకెళ్లాల్సి వస్తే, ముందు ఆ పని చేసివ్వాల్సిన మనిషికే ఫోన్ చేసి చెప్పు, "రేపటికి రాకపోతే మీ మేనేజర్‌ని కూడా కలుపుతానండీ" అని. చెప్పకుండా సీసీలో పెద్దవాళ్లని పెడితే చాడీ చెప్పినట్టుంటుంది, ఆ తర్వాత ఏ పనీ సాఫీగా జరగదు.

టికెట్ కదిలాక ఎన్ని రోజులు ఆగిందో, ఎందుకో ఒక్క లైను రాయించి పెట్టు. రెట్రోలో, అంటే స్ప్రింట్ అయ్యాక వెనక్కి చూసుకునే మీటింగ్‌లో, కారణాలవారీగా కూడితే నాలుగైదు ఆ సెక్యూరిటీ టీమ్ దగ్గరే తేలొచ్చు. అప్పుడు ఒక్కో కీ కోసం వెంటపడటం మానేసి, స్ప్రింట్ ప్లానింగ్ రోజే కావలసిన కీలన్నీ ఒకే రిక్వెస్ట్‌లో పెట్టేలా వాళ్లతో మాట్లాడుకో.

ఆశీస్సులతో,
బాబాయి