కొండెక్కి కాలు విరిగితే క్లెయిమ్ రాదా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడేళ్లుగా ఆదివారం తెల్లవారుతూనే ఖాజాగూడ గుట్టల మీద రాక్ క్లైంబింగ్‌కి వెళ్తున్నాను. మొన్న హార్నెస్ (ఒంటికి కట్టుకునే రక్షణ పట్టీలు) కట్టుకుని, కింద తాడు పట్టుకునే మనిషి ఉండగానే పట్టు జారి పడ్డాను, చీలమండ విరిగింది, ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. బిల్లు 2,38,000 రూపాయలు. నాలుగేళ్లుగా ప్రీమియం కడుతున్న ఆరోగ్య బీమా కంపెనీ, ఇది సాహస క్రీడ వల్ల తగిలిన దెబ్బ కాబట్టి చెల్లించలేమంది. 'ఏం జరిగినా నాదే బాధ్యత' అని క్లైంబింగ్ క్లబ్బుకి సంతకం పెట్టిచ్చాను, దాన్ని కూడా కారణంగా చూపించింది. మా బావగారేమో "కోరి తెచ్చుకున్నదానికి వాళ్లెందుకు ఇస్తారు?" అంటున్నారు. ఇంకో సంగతి. అప్పుడప్పుడు కొత్తవాళ్లకు నేర్పిస్తాను, తాళ్ల ఖర్చుకని తలా 300 తీసుకుంటాను. ఇది చెప్పాలా, దాచాలా?

జవాబు: ముందు పాలసీ బుక్‌లెట్ తీసి మినహాయింపుల పేజీలో 'ఎక్స్‌సీఎల్ 09' (Excl09) అన్న కోడ్ పక్కన ఏముందో చదవండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 సెప్టెంబరులో అన్ని కంపెనీలకూ ఒకే రకమైన మినహాయింపుల భాషను నిర్దేశించింది. ఆ భాష ప్రకారం, ప్రమాదకరమైన లేదా సాహస క్రీడల్లో 'ప్రొఫెషనల్‌గా', అంటే వృత్తిగా, పాల్గొన్నందువల్ల అవసరమైన చికిత్సకు మాత్రమే డబ్బు ఇవ్వనక్కర్లేదు. ఆ తర్వాత రాక్ క్లైంబింగ్, పర్వతారోహణ, రాఫ్టింగ్, మోటార్ రేసింగ్, గుర్రప్పందేలు, స్కూబా డైవింగ్ అంటూ పేర్లు వరసగా ఉంటాయి.

మీరు పంపిన తిరస్కరణ లేఖ ఫోటో రెండుసార్లు చదివాను. రాక్ క్లైంబింగ్ అన్న మాట అందులో మూడు చోట్ల ఉంది. 'ప్రొఫెషనల్‌గా' అన్న మాట ఒక్క చోట కూడా లేదు. మీ కేసంతా ఆ ఒక్క మాట మీదే నిలబడుతుంది.

వారమంతా కంప్యూటర్ ముందు పనిచేసి జీతం తీసుకుని, ఆదివారం సరదా కోసం గుట్ట ఎక్కే మనిషిని ప్రొఫెషనల్ అనడం నా దృష్టిలో కుదరదు. మినహాయింపు వర్తిస్తుందని చూపించాల్సింది కంపెనీయే, మీరు కాదు. ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు ఇషర్ దాస్ మదన్ లాల్ కేసులో 2007లోనే స్పష్టం చేసింది. పాలసీ అమ్మినప్పుడు మినహాయింపుల కాగితాలే మీకు ఇవ్వలేదనుకోండి, 2019 నాటి భారత్ వాచ్ కంపెనీ తీర్పు కూడా మీకు పనికొస్తుంది. తెలియజేయని మినహాయింపును అడ్డం పెట్టుకోవడం కుదరదని అందులో చెప్పారు.

ఇక బావగారి మాట. ఆయన ఒక్కరే కాదు, చాలామంది అలాగే అనుకుంటారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. తీపి మానమని డాక్టర్ పదిసార్లు చెప్పినా వినని షుగర్ రోగికి కాలు పుండు పడితే ఆరోగ్య బీమా చెల్లిస్తుంది. నిచ్చెన సరిగా ఆనించకుండా ఎక్కి బూజు దులుపుతూ పడినా చెల్లిస్తుంది. అజాగ్రత్త వేరు, కావాలని ఒంటికి హాని చేసుకోవడం వేరు. మీరు హార్నెస్ కట్టుకుని, కింద తాడు పట్టుకునే మనిషిని పెట్టుకుని ఎక్కారు. పడకుండా ఉండటానికి చేయాల్సినంతా చేసిన మనిషిని 'కోరి తెచ్చుకున్నాడు' అనడం అన్యాయం. దేన్ని మినహాయించాలో పాలసీ ముందే రాసుకుంది. అందులో లేని మినహాయింపును ఇప్పుడు నీతి పేరుతో చేర్చకూడదు.

క్లబ్బు కాగితం సంగతి తేలికే. అది మీకూ క్లబ్బుకూ మధ్య ఒప్పందం, బీమా కంపెనీ అందులో పక్షమే కాదు. దాన్ని పట్టుకుని మీకివ్వాల్సింది ఎగ్గొట్టే హక్కు కంపెనీకి లేదు.

ఆ 300 రూపాయల విషయం దాచొద్దు. బీమా ఒప్పందానికి నిజాయితీయే పునాది. పైగా మీ విద్యార్థులు ఫోన్‌పేలో పంపిన డబ్బు జాడ ఎలాగూ ఉంటుంది, తర్వాత బయటపడితే గెలవాల్సిన కేసు కూడా పోతుంది. తాళ్లు, కారబైనర్లు (తాడు తగిలించే లోహపు కొక్కేలు) కొన్న బిల్లులు జతచేసి, వచ్చింది ఖర్చులకే సరిపోయిందని చూపించండి. అయితే పడిన రోజు మీరు డబ్బు తీసుకుని నేర్పిస్తున్నారా, మీ మానాన మీరు ఎక్కుతున్నారా? ఇది మీరు రాయలేదు. మీ కోసమే ఎక్కుతుంటే ఇబ్బంది లేదు. నేర్పిస్తుంటే మాత్రం కంపెనీకి వాదించడానికి కొంత చోటు దొరుకుతుంది. అప్పుడు కూడా అది మీ జీవనాధారం కాదన్న మన వాదన గట్టిదే.

ఆస్పత్రి కాగితాలు కూడా ఒకసారి చూసుకోండి. నా దగ్గరికి వచ్చిన ఒక ఫైల్లో, బ్యాంకు ఉద్యోగిని హార్నెస్ విప్పకుండానే ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. డ్యూటీ డాక్టర్ ఆ అవతారం చూసి 'వృత్తి' గడిలో 'క్లైంబర్' అని రాసేశారు. తిరస్కరణ మొత్తం ఆ గడి మీదే నడిచింది. ఆస్పత్రి నుంచి సవరణ లేఖ తెచ్చుకోవడానికి ఆయనకు నెలన్నర పట్టింది. మీ డిశ్చార్జి సమ్మరీలో అలాంటిది ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఉద్యోగ ధ్రువపత్రం, జీతం స్లిప్పులు కూడా దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు కంపెనీ ఫిర్యాదుల అధికారికి లేఖ రాయండి. క్లెయిమ్‌ల సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమూ తిరస్కరించకూడదని ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఆదేశించింది. మీ విషయంలో ఆ ఆమోదం ఉందో లేదో అడగండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చినది న్యాయంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారికి) వెళ్లండి. హైదరాబాద్ కార్యాలయం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ కలిపి ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, మీరే మాట్లాడుకోవచ్చు. 50 లక్షల వరకు వివాదాలు తీసుకుంటారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి, ఈ గడువు దాటనివ్వకండి. అక్కడ న్యాయం జరగకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, దానికి గడువు రెండేళ్లు. ముందే కమిషన్‌లో కేసు వేస్తే మాత్రం అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు.

నేను చెప్పిందంతా సాధారణ ఆరోగ్య బీమాకే. వ్యక్తిగత ప్రమాద బీమా, ప్రయాణ బీమా పాలసీల్లో చాలావాటిలో 'ప్రొఫెషనల్‌గా' అన్న మాట ఉండదు, సాహస క్రీడలన్నిటినీ మూకుమ్మడిగా తోసేస్తారు. ఇక నిజమైన ప్రొఫెషనల్స్ సంగతి. 2014లో మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె శిక్షణ మొదలైన భువనగిరి గుట్ట లాంటి చోట్ల నేర్పిస్తూ బతికేవాళ్లున్నారు. వాళ్లు ప్రొఫెషనల్సే, ఈ మినహాయింపు వాళ్లకు నిజంగానే తగులుతుంది. అలాంటివారు మామూలు పాలసీని నమ్ముకోకుండా, తమ పని ఏమిటో ప్రపోజల్ ఫారంలో (పాలసీ తీసుకునేటప్పుడు నింపే దరఖాస్తులో) రాసి, దానికి సరిపడే కవరేజీ విడిగా అడగాలి.

మీరు కూడా ఎప్పుడైనా హిమాలయాలకు వెళ్లే ఆలోచన చేస్తే, కొండ మీంచి హెలికాప్టర్‌లో దించే ఖర్చు మీ పాలసీలో ఉందో లేదో బయల్దేరకముందే అడగండి. ఏజెంటు ఫోన్‌లో "కవరవుతుంది సార్" అంటే సరిపోదు, ఆ మాట కంపెనీ మెయిల్‌లో రాయించుకోండి.