వాటా తేలి మూడేళ్లయినా ఇల్లు చేతికి రాలేదు, మళ్లీ కేసు వేయాలా?

నాన్నగారి ఇంట్లో మూడో వంతు వాటా మీదేనని కోర్టు తేల్చి మూడేళ్లయిందని, ఇల్లు మాత్రం ఇంకా మీ అన్నయ్య చేతిలోనే ఉందని రాశారు. విడాకుల గొడవలో కోర్టు ఖరారు చేసిన మనోవర్తి కూడా ఏడు నెలలుగా రావడం లేదన్నారు. మళ్లీ కేసు వేయాలా అన్నది మీ ప్రశ్న.

కొత్త కేసు అక్కర్లేదండి. ముందు మీ దగ్గరున్న డిక్రీ (కోర్టు తీర్పు కాగితం) నకలు తీసి చూడండి. చాలావరకు అది ప్రిలిమినరీ డిక్రీ అయ్యుంటుంది. అంటే మీకెంత రావాలో తేలింది గానీ, ఏ గది మీది, ఏ గోడ వరకు మీది అన్నది తేలలేదు. అది తేల్చమని అదే దావాలో ఫైనల్ డిక్రీకి పిటిషన్ వేయాలి. దీనికి కాలపరిమితి లేదని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది, కాబట్టి మూడేళ్లు దాటాయని టెన్షన్ పడకండి.

నా వాటా కేసప్పుడు నాకు ఈ సంగతి తెలియదు. తీర్పు కాగితం బీరువాలో పెట్టుకుని, ఈ రోజు కాకపోతే రేపు తమ్ముడే పిలిచి ఇస్తాడని నాలుగేళ్లు కూర్చున్నాను. ఈలోపు పెరట్లో వాడు రెండు గదులు కట్టేశాడు. ఆ తర్వాత వేసిన పిటిషన్ మీద కోర్టు, ఇల్లు కొలవడానికి ఒక లాయరును, అంటే అడ్వకేట్ కమిషనర్‌ను పంపింది. ఆయన టేపు పట్టుకుని వంటగది కొలుస్తుంటే నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను, మరదలు పొయ్యి మీద పాలు దించకుండా అలాగే చూస్తోంది. ఆ గదులు కట్టేటప్పుడే కోర్టుకి వెళ్లి ఇంజంక్షన్ (కట్టడం ఆపమనే ఆర్డరు) అడిగి ఉంటే అంత దూరం వచ్చేది కాదని ఇప్పటికీ బాధపడతాను. మీరు మాత్రం ఆగకండి. ఆ ఇంటి మీద ఈసీ (రిజిస్ట్రారు ఆఫీసులో ఇచ్చే, అమ్మకాలూ తాకట్లూ చూపే కాగితం) కూడా ఒకసారి తీయించి చూడండి. దావా నడుస్తుండగా ఎవరికైనా అమ్మి ఉంటే, కొన్నవాళ్లు కూడా కోర్టు తీర్పుకు కట్టుబడాల్సిందే.

ఫైనల్ డిక్రీని స్టాంపు పేపర్ల మీద ఎక్కించాలి. అప్పుడే అది అమలుకి పనికొస్తుంది. డబ్బు సర్దుబాటు కాలేదని దాన్ని వదిలేయకండి, ఎందుకంటే అమలుకున్న 12 ఏళ్ల గడువు స్టాంపు పేపర్లు ఇచ్చిన రోజు నుంచి కాదు, డిక్రీ తేదీ నుంచే లెక్క. ఆ తర్వాత ఈపీ, అంటే డిక్రీ అమలు చేయమనే పిటిషన్, వేస్తే కోర్టు అమీనా వచ్చి స్వాధీనం ఇప్పిస్తాడు. మా ఈపీలో మొదటిసారి అమీనా వచ్చి వెనక్కి వెళ్లిపోయాడు. డిక్రీలో ఆస్తి వివరాలుండే షెడ్యూల్లో తూర్పు హద్దు అని రాసిన స్థలం ఎప్పుడో చేతులు మారింది, అక్కడిప్పుడు వేరే పేరు. ఆ ఒక్క పేరు సరిచేయించడానికి మాకు ఆరు వాయిదాలు పట్టాయి. అందుకే ఫైనల్ డిక్రీ రాకముందే హద్దులు, కొలతలు మీరే నిలబడి సరిచూసుకోండి, లాయరు గుమస్తాకి వదిలేయొద్దు.

మీ అన్నయ్య అప్పీలు వేశాడని ఎవరైనా అంటే, స్టే ఆర్డర్ ఉందా అని అడగండి. అప్పీలు వేసినంత మాత్రాన అమలు ఆగదు. మధ్యలో ఎవరో వచ్చి ఈ గది మాదని అడ్డుపడినా, ఆ గొడవ కూడా ఈపీ కోర్టే తేలుస్తుంది, దానికోసం వేరే దావా ఉండదు. ఈపీలను ఆరు నెలల్లో ముగించాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. నిజానికి అంత త్వరగా కావడం నేను చూడలేదు, కానీ వాయిదా అడిగినప్పుడల్లా మీ లాయరు ఆ తీర్పు చూపించాలి.

ఇక మనోవర్తి. అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. అది సీఆర్‌పీసీ 125 సెక్షన్ కింద వచ్చిన ఆర్డరయితే (దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 144), ప్రతి నెల బకాయికీ అది ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు పిటిషన్ వేయాలి, లేకపోతే ఆ నెల డబ్బుకి ఈ దారిలో వారంటు రాదు. విడాకుల డిక్రీలోనే భాగమైతే ఈపీ వేసి మీ భర్త జీతం అటాచ్ (జప్తు) చేయించవచ్చు, మనోవర్తి డిక్రీకి జీతంలో మూడింట రెండు వంతుల దాకా పట్టుకునే వీలుంది. ఏడు నెలలంటున్నారు కదా, మొదటి నెల బకాయికి ఇంకా అయిదు నెలలే ఉన్నాయి. ఇంటి పిటిషన్ ఇంకో నెల ఆగినా పరవాలేదు, దీనికి మాత్రం ఈ వారమే లాయరుని కలవండి.