కాలిఫోర్నియా సముద్రంలో ఈత: ఎప్పుడు, ఎక్కడ?

ప్రశ్న: అమ్మానాన్న జూన్‌లో విశాఖ నుంచి మా దగ్గరికి వచ్చారు. మా ఊళ్లో 30 డిగ్రీల పైనే ఎండ ఉందని శాన్‌ఫ్రాన్సిస్కో ఓషన్ బీచ్‌కి తీసుకెళ్తే అక్కడంతా పొగమంచు, చలిగాలి. నీళ్లలో కాలు పెట్టగానే నాన్న వెనక్కి వచ్చేశారు. ఎండాకాలంలో కూడా ఇంత చలేంటండీ? పిల్లలేమో సముద్రంలో ఈత కొట్టాలంటున్నారు. ఎక్కడికి తీసుకెళ్లాలి?
– ఒక పాఠకురాలు, శాన్ హోజే

జవాబు: విశాఖలో నీళ్లు దాదాపు ఏడాదంతా 25 డిగ్రీల పైనే ఉంటాయి కాబట్టి మీ నాన్నగారు అలా వెనక్కి రావడం సహజమే. మీవైపు సముద్రం బాగా చల్లగా ఉండేది చలికాలంలో అనుకుంటాం కానీ నిజానికి వసంతం నుంచి వేసవి మొదటి వరకూ. ఆ నెలల్లో వాయవ్యం నుంచి తీరం వెంబడి గట్టిగా గాలి వీస్తుంది, భూమి తిరగడం వల్ల ఆ గాలి తోసిన పైనీళ్లు కుడివైపుకి, అంటే ఒడ్డుకి దూరంగా జరిగిపోతాయి, ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లటి నీళ్లు పైకొస్తాయి. దీన్నే అప్‌వెల్లింగ్ అంటారు. దానికి తోడు ఉత్తరం నుంచి కిందికి వచ్చే కాలిఫోర్నియా ప్రవాహం ఎలాగూ చల్లనిదే. అందుకే శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఆ రోజుల్లో నీళ్లు 10–12 డిగ్రీల దగ్గరే ఉంటాయి, గాలి తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో 14–15కి చేరతాయి. మీరు చూసిన పొగమంచు కూడా ఈ చల్లటి నీళ్ల మీదుగా వచ్చిన తేమగాలిదే. అడుగునుంచి నీళ్లతో పాటు పోషకాలూ పైకొస్తాయి, మాంటెరే దగ్గర తిమింగలాలు అన్ని కనిపించేది అందుకే. ఈసారి అమ్మానాన్నకి అవి చూపించండి, ఈత కన్నా అదే బాగుంటుంది.

పిల్లల ఈతకైతే దక్షిణానికి వెళ్లండి. శాంటా బార్బరాకి పడమరగా పాయింట్ కన్సెప్షన్ అని ఉంది, అక్కడ తీరం ఒక్కసారిగా తూర్పుకి తిరుగుతుంది. దానికి దక్షిణాన ఆ గాలి జోరు తగ్గుతుంది, నీళ్లూ వెచ్చబడతాయి. శాన్ డియేగోలో ఆగస్టు, సెప్టెంబరుల్లో మామూలుగా 20 డిగ్రీలు దాటుతాయి. అక్కడి స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ 1916 నుంచి తమ పియర్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన వంతెన) దగ్గర రోజూ నీళ్ల వేడి కొలుస్తోంది, 2018 ఆగస్టులో అది దాదాపు 26 డిగ్రీలకి వెళ్లింది. అంత దూరం కుదరకపోతే శాంటా క్రూజ్ ఉంది, కానీ పిల్లలకి వెట్‌సూట్ (నీళ్లలో చలి ఆపే బిగుతు దుస్తులు) వేయించండి, లైఫ్‌గార్డ్ ఉన్న చోటే దింపండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. ఓషన్ బీచ్‌లో మోకాలి లోతుకి కూడా పిల్లల్ని దిగనివ్వకండి. అక్కడ ఒడ్డు నుంచి లోపలికి లాగేసే రిప్ కరెంట్లు చాలా బలమైనవి, మనుషులు చనిపోయారు కూడా. పైగా చాలాసేపు చిన్న అలలే వచ్చి, ఉన్నట్టుండి ఒక పెద్ద అల ఇసుక మీద చాలా దూరం దాకా వచ్చేస్తుంది, కాబట్టి ఫొటో కోసమైనా సరే సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు. స్విమ్మింగ్ పూల్‌లో బాగా ఈదే పెద్దవాళ్లకి కూడా 15 డిగ్రీల లోపు నీళ్లలోకి ఒక్కసారిగా దూకితే ఊపిరి ఎగబీల్చినట్టయి నీళ్లు మింగేస్తారు. అది ఈత రాకపోవడం వల్ల కాదు, చలికి శరీరం అలాగే చేస్తుంది. మెల్లగా దిగి, ఊపిరి కుదుటపడ్డాకే ముందుకెళ్లాలి.

ప్రశ్న: రిప్ కరెంట్‌లో చిక్కుకుంటే ఏం చేయాలి? వాన పడ్డాక సముద్రంలోకి దిగొచ్చా?
– ఒక విద్యార్థి, లాంగ్ బీచ్

జవాబు: ఒడ్డుకేసి ఎదురీదకండి, అలసిపోతారు. నీళ్ల మీద తేలుతూ చేయెత్తి పిలవండి, ఓపికుంటే తీరానికి సమాంతరంగా పక్కకి ఈదండి, లాగడం తగ్గాక ఒడ్డుకి రండి. వాన పడ్డాక మాత్రం 3 రోజులు ఆగండి, మీవైపు వీధుల్లోని మురికంతా వాననీటి కాలవల్లోంచి నేరుగా సముద్రంలోకే వస్తుంది. ఇంకోటి, వేసవిలో లోతు తక్కువున్న చోట ఇసుకలో స్టింగ్‌రేలు (తోకకి విషపు ముల్లుండే చదునైన చేపలు) పడుకునుంటాయి. కాళ్లు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడిస్తే ఆ కదలికకి అవే పక్కకి పోతాయి. ఒకవేళ కుడితే వెంటనే లైఫ్‌గార్డ్ దగ్గరికి వెళ్లండి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో కాలు పెడితే నొప్పి తగ్గుతుంది.