డబ్బు చేతులు మారకపోతే అవినీతి కాదా?

ప్రశ్న: మాది ప్రభుత్వ కార్యాలయం. మా పై అధికారి ఇంటర్వ్యూ కమిటీలో తానే కూర్చుని, సొంత తమ్ముడి కొడుకుని ఎంపిక చేశారు. అడిగితే "నేనెవరి దగ్గరా పైసా తీసుకోలేదు, ఇందులో అవినీతి ఏముంది?" అంటున్నారు. ఆయన మాట చట్టప్రకారం నిలుస్తుందా?

జవాబు: ఆయన లంచం తీసుకోలేదన్నది నిజమే కావచ్చు. అంతమాత్రాన అవినీతి లేదనలేం. లంచం ఉంటేనే అవినీతి అనుకుని ఎంతోమంది ఫిర్యాదు చేయకుండా ఆగిపోతుంటారు. అది చూస్తే నాకు బాధేస్తుంది.

సామాజిక శాస్త్రాల్లో ఎక్కువగా వినిపించే నిర్వచనం చిన్నదే: నమ్మి అప్పగించిన అధికారాన్ని సొంత లాభానికి వాడుకోవడం. ఇందులో డబ్బు ఊసే లేదు. రాజనీతి శాస్త్రవేత్త జోసెఫ్ నై 1967లోనే లంచాన్నీ, బంధుప్రీతినీ, ప్రజల సొమ్ము సొంతానికి వాడుకోవడాన్నీ ఒకే గాటన కట్టారు. దగ్గరి కుటుంబానికి చేరే లాభం కూడా సొంత లాభమే అన్నారు. మీ అధికారి చేసిన పని ఇక్కడ అచ్చంగా సరిపోతుంది.

కోర్టుకు మాత్రం ఇది చాలదు. ఐక్యరాజ్యసమితి 2003లో ఆమోదించిన అవినీతి వ్యతిరేక ఒప్పందం కూడా అవినీతి అంటే ఏమిటో నిర్వచించలేదు, ఒక్కో పనినీ విడిగా పేర్కొంది. లంచాన్ని నేరంగా ప్రకటించి తీరాలని 15వ అధికరణం చెబుతుంది. పదవీ దుర్వినియోగం సంగతి 19వ అధికరణంలో ఉంది. అక్కడ లాభం డబ్బే కానక్కర్లేదు, వేరొకరికి అందినా సరిపోతుంది. కానీ దాన్ని నేరంగా ప్రకటించే విషయం పరిశీలించమని మాత్రమే దేశాలకు చెప్పింది. అందుకే ఇదే పని ఒకచోట జైలు శిక్ష పడే నేరం కావచ్చు, మరోచోట శాఖాపరమైన తప్పుతో సరిపోవచ్చు.

కాబట్టి ఫిర్యాదులో "అవినీతిపరుడు" అని రాయకండి. జరిగింది రాయండి: ఫలానా తేదీన కమిటీ కూర్చుంది, అభ్యర్థి తన తమ్ముడి కొడుకని ఆయన చెప్పలేదు, పక్కకు తప్పుకోలేదు, మార్కుల షీటు మీద ఆయన సంతకం ఉంది. బంధువుల విషయంలో మీ సర్వీసు నిబంధన ఏమంటుందో ఆ వాక్యం యథాతథంగా రాసి, నకలు జతచేయండి. ఒకవేళ ఆయన చుట్టరికం ముందే రాసిచ్చి ఉంటే కేసు బాగా బలహీనపడుతుంది, ఆ సంగతి ముందుగా కనుక్కోండి.

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మాత్రం ఈ మాట ఎత్తకండి, పరువునష్టం నోటీసు మీకే రావచ్చు. ఎంపికను సవాలు చేయడానికి చాలాచోట్ల గడువు ఉంటుంది. ఫలితం వచ్చిన తేదీ నుంచి లెక్క చూసుకుని, ఈ వారంలోనే స్థానిక వకీలును కలవండి.