ఆఫీసులో ఉద్యోగుల పనితీరు అసలు దేని మీద ఆధారపడి ఉంటుంది?

జీతం, ప్రమోషన్, మేనేజరు మంచితనం... ఇవన్నీ మిగతావాళ్లు ఎలాగూ చెబుతారు. నన్నడిగితే కుర్చీ ఎక్కడ వేశారన్నదే సగం. నవ్వకండి, అనుభవించి చెబుతున్నాను.

నేను అకౌంట్స్‌లో చేరిన మూడో ఏడు గోడలు కొట్టేసి అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టారు. నా సీటు మేనేజరు క్యాబిన్ తలుపు పక్కన, ప్రింటరుకు ఆనుకుని పడింది. ఇక చూస్కోండి. వచ్చినవాళ్లందరిదీ ఒకటే పాట: "సార్ ఉన్నారా?", "మూడ్ ఎలా ఉంది?", "పేపర్ అయిపోయిందండీ, ఎక్కడుంటుంది?" బ్యాంకు స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని ఒక్కో ఎంట్రీకీ టిక్కు పెట్టుకుంటూ పోతాం కదా, నలభయ్యో వరుసలో ఉండగా ఎవరో ఒకరు పలకరిస్తారు. తలెత్తి దించేసరికి ఎక్కడ ఆగామో తెలీదు. మళ్లీ మొదటికి. అలాగే ఓసారి ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కించేశాను. నెలాఖరున తేడా వస్తే రాత్రి తొమ్మిదింటిదాకా వెతికాను. జీతమంటారా, ఆ మధ్యే పెరిగింది కూడా. అప్రైజల్‌లో మాత్రం "ఏకాగ్రత తక్కువ" అని రాశారు. రాసినాయనే రోజుకి పదిసార్లు తలుపు తీసి "ఒక్క నిమిషం" అని పిలిచేది!

గోడలు తీసేస్తే జనం కలిసి మాట్లాడుకుంటారంటారు గానీ, అదీ ఉత్తదే. 2018లో హార్వర్డ్ పరిశోధకులు రెండు పెద్ద కంపెనీల్లో కొలిచి చూస్తే, ఓపెన్ ఆఫీసులోకి మారాక ఎదురెదురుగా మాట్లాడుకోవడం దాదాపు 70 శాతం తగ్గి ఈమెయిళ్లు పెరిగాయి. మా దగ్గరా అంతే, అందరి చెవుల్లో హెడ్‌ఫోన్లే.

పని పెరగాలని రెండ్రోజుల మోటివేషన్ క్లాసు కూడా పెట్టించారు. చప్పట్లు కొట్టించి, కళ్లు మూసుకుని లక్ష్యాన్ని ఊహించుకోమన్నారు. ఆ రెండ్రోజుల పనీ ఆదివారం వచ్చి చేసుకున్నాం. దాని సంగతి రాస్తే ఇంకో జవాబవుతుంది, వదిలేయండి.

చివరికి ప్రింటరు పాడై అంతకంటే పెద్దది వచ్చింది. చోటు చాలక నన్ను పాత ఫైళ్ల బీరువాల వెనక్కి తోశారు. కిటికీ లేదు, ఫ్యాను గాలి సగమే తగిలేది. అయినా అంతకుముందు మూడు రోజులు తినేసిన రికన్సిలియేషన్, అదే బ్యాంకు స్టేట్‌మెంటుతో మన లెక్కలు సరిచూసుకునే పని, ఒకటిన్నర రోజులో తేలిపోయేది. మరుసటి అప్రైజల్‌లో "చాలా మెరుగయ్యారు" అని వచ్చింది. నిరుడు తను గట్టిగా మందలించడం వల్లే దారిలో పడ్డానని మేనేజరు గారు ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటున్నారు.