కాగితాల పనికి దిగుతున్న మేనకోడలికి

అమ్మాయ్,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నన్ను ఉతికి ఆరేసింది. నువ్వు బ్యాంకు ఉద్యోగం మానేసి, మనిషి పోయిన ఇళ్లలో ఆస్తులు, డిపాజిట్ల కాగితాలు చక్కబెట్టే పని సొంతంగా పెట్టుకుంటావట, ఆ పిచ్చి ఎక్కించింది నేనేనట. ప్లీడరు గారి దగ్గర గుమస్తాగా తల నెరిసినవాణ్ణి, అన్నం తింటూ కోర్టు కబుర్లు చెబుతుంటే చెవులు రిక్కించి వినమని నీకు నేను చెప్పానా? లోపల ఎంత పొంగిపోయానో మాత్రం దానికి చెప్పలేదు. భయం కూడా వేసిందనుకో, అందుకే రాస్తున్నా.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. మరణం 21 రోజుల్లో నమోదు చేయించాలి. పోయినాయన పేరు ఆధార్‌లో ఒకలా, పాస్‌బుక్‌లో ఇంకోలా, దస్తావేజులో ఇంటిపేరుతో సహా మరోలా ఉంటుంది, సర్టిఫికెట్ రాసేటప్పుడే అన్నీ పక్కన పెట్టుకుని చూడు, తర్వాత దిద్దించడానికి తిరగలేక చస్తారు. పిన్ తెలుసు కదా అని ఏటీఎంలో తీసేసేవాళ్లుంటారు, మొదటిరోజే వద్దని చెప్పు. సక్సెషన్ సర్టిఫికెట్, అంటే వారసులు వీళ్లని కోర్టు ఇచ్చే కాగితం, డిపాజిట్లకీ షేర్లకీ రావాల్సిన బాకీలకే, పొలానికీ ఇంటికీ పనికిరాదు. వీలునామా ఉంటే ప్రొబేట్, అంటే అది నిజమైనదేనని కోర్టు వేసే ముద్ర, కావాలా అని కంగారుపడతారు, అది ఒకప్పుడు మద్రాసు, బొంబాయి, కలకత్తాల కోసం పెట్టిన నియమం, 2025లో అక్కడా ఎత్తేశారు, మన ఊళ్లలో తప్పనిసరి కాదు. బ్యాంకులో నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, అంతే, ఆ డబ్బు వారసులందరిదీ. ఇది చెప్పిన రోజు ఆ ఇంట్లో నీకు కాఫీ కూడా ఇవ్వరు.

పాస్‌బుక్ మాత్రం తీరిగ్గా, వెనక్కి తిప్పి చదువు. మే నెలాఖర్లో 436 రూపాయలు కట్ అయి ఉంటే అది జీవనజ్యోతి బీమా, 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలు కట్ అయి ఉంటే సురక్షా బీమా, ప్రమాదంలో పోతే అదీ 2 లక్షలే. కట్టినాయనకి గుర్తుండదు, ఇంట్లోవాళ్లకి అసలు తెలియదు. తెలంగాణ రైతు అయితే, వయసు అరవై లోపైతే, రైతుబీమా 5 లక్షల సంగతి అడుగు. పీఎఫ్ ఉన్న ఉద్యోగి సర్వీసులో ఉండగా పోతే దానికి తగిలించిన బీమా 7 లక్షల దాకా ఉంటుంది. ఇవి వెతికిపెడితే చాలు, నీ ఫీజు వాళ్లకి బరువనిపించదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒకబ్బాయి ప్రైవేటు కంపెనీలో పనిచేస్తూ బండి మీద పోతుంటే లారీ గుద్దేసింది. భార్య, పలకా బలపం పట్టే వయసు కొడుకు. తల్లి ఊళ్లో చిన్నకొడుకు దగ్గర ఉంటుంది. భార్య అన్నదమ్ములు మంచివాళ్లే, చెల్లెలికి తొందరగా డబ్బు రావాలని పరిగెత్తారు, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కి భార్య, కొడుకు అని రెండు పేర్లే ఇచ్చారు. వేరే ప్లీడరు ఆఫీసులో ఆ రెండు పేర్లతోనే సక్సెషన్ సర్టిఫికెట్ కోసం పిటిషన్ పడింది. పేపర్లో నోటీసు వేశారు, ఆ పెద్దావిడకి చదువు రాదు. ఆర్డరొచ్చింది, డబ్బు తీసుకున్నారు. కొన్నాళ్లకి ఎవరో చెబితే ఆవిడ మా ఆఫీసుకి వచ్చింది. బల్ల చివర కూచుని పాలిథిన్ కవరు విప్పి రేషన్ కార్డు తీసింది, అందులో కొడుకు పేరు, పైన తన పేరు. ‘నేను బతికే ఉన్నా కదయ్యా, కాయితంలో ఎందుకు లేను?’ అంది. కొడుకు స్థలం కొనేటప్పుడు గేదెల్ని అమ్మి బయానా ఇచ్చిందావిడే.

హిందువుల్లో మగవాడు వీలునామా లేకుండా పోతే 1956 చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లికీ సమాన వాటా. ఇక్కడ మూడింట ఒకటి. తండ్రికి మాత్రం వీళ్లుండగా రాదు, ఇది చెప్పినప్పుడల్లా పెద్దమనుషులు నన్ను ఎగాదిగా చూసేవాళ్లు. (ముస్లింలలో తల్లికీ తండ్రికీ ఇద్దరికీ భాగం ఉంటుంది, క్రైస్తవుల లెక్క వేరు, అందుకే కులమతాలు అడగడానికి మొహమాటపడకు.) సర్టిఫికెట్ రద్దు చేయమని కేసు వేశాం, ఏళ్లు గడిచాయి, చివరికి లోక్ అదాలత్‌లో రాజీ. డబ్బు సర్దుబాటయింది గానీ పిల్లాణ్ణి నాయనమ్మ ఊరికి పంపడం మాత్రం మానేశారు. ఆ కోడలికీ అత్తకీ అంతకుముందు ఒక్క మాట పట్టింపు లేదు తెలుసా.

కాబట్టి నువ్వు కాగితం మీద పెన్ను పెట్టేముందు ‘వాళ్లమ్మ ఉన్నారా, ఎక్కడున్నారు’ అని అడుగు. మొహం చిట్లిస్తారు, చిట్లించనీ. ఉందంటే పోయి చూసిరా. హాల్లో గట్టిగా మాట్లాడేవాళ్లు కాక లోపల గదిలో ఉన్నదెవరో చూడు, తప్పిపోయే పేరు అక్కడే ఉంటుంది. పెళ్లయిన కూతుళ్లూ అంతే. ‘కట్నం ఇచ్చేశాం కదా’ అంటారు. నాన్న స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు 1956 నుంచే ఉందమ్మా. వదులుకుంటే వదులుకోనీ, ఆ అమ్మాయి ఇష్టం, కానీ విడుదల దస్తావేజు రిజిస్ట్రారు ఆఫీసులో, తెలిసి రాయాలి. పెద్దకర్మ రోజు విస్తళ్ల మధ్య సంతకాలు పెట్టించే ఇల్లయితే లేచి వచ్చేయ్.

ఒరిజినల్ దస్తావేజులు నీ ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉంచుకోకు. చూసి, జిరాక్స్ తీసి, తిరిగిచ్చి సంతకం తీసుకో. వచ్చే డబ్బులో పర్సెంటేజీ అడగకు, పనికింత అని ముందే చెప్పు. ఏడుస్తున్నవాళ్లు ఎంతకైనా తలూపుతారు, అదే నా భయం.

ఇంకోటి, రాజీనామా ఇచ్చేముందు నీ పీఎఫ్ నామినేషన్ తీసి చూడు. పెళ్లికి ముందు రాసిందే అయితే మళ్లీ కొత్తగా రాయాలి. ఊరందరివీ సర్దబోతున్నావు, నీది ముందు సర్దుకో తల్లీ.

మీ మామయ్య